కొమ్ములు మొలుస్తాయని రెండోసారి కొట్టించారు: బెంగళూరు పాఠశాలలకు ఒక తల్లి బహిరంగ లేఖ

బెంగళూరులోని పాఠశాలల యాజమాన్యాలకు, ప్రధానోపాధ్యాయులకు, పీటీ మాస్టర్లకు, క్రికెట్, ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రాలు నడిపేవారికి, కర్ణాటక పాఠశాల విద్యాశాఖ అధికారులకు,

నమస్కారం.

విషయం: ఆటలో పిల్లల తలకు దెబ్బ తగిలితే పాటించాల్సిన ఒక నియమం, ఆ నియమం తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చెప్పే ఒక కాగితం.

దీని గురించి మా అమ్మాయి చదివే పాఠశాలకు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి "మీ సూచనను గమనించాం" అని ఒక్క వాక్యం వచ్చింది. మూడోది స్వయంగా తీసుకెళ్లి, అందినట్టు సంతకం అడిగితే, కౌంటరులో కూర్చున్న ఆవిడ "ఫీజు విషయమా మేడమ్?" అన్నారు. కాదన్నాను. అయితే సంతకం పెట్టే అధికారం తనకు లేదన్నారు.

పాఠశాల పేరు ఇక్కడ రాయడం లేదు. భయపడి కాదు. ఆ తరువాత వేరే వేరే బడుల తల్లులతో మాట్లాడాను. యూనిఫారం రంగులు వేరు, కథ ఒకటే. ఒక్క పేరు రాస్తే మిగిలినవాళ్లంతా "మన బడి కాదులే" అని పేజీ తిప్పేస్తారు.

ఈ లేఖ కన్నడంలో, ఇంగ్లిషులో కూడా పంపుతున్నాను. తెలుగులో రాయడానికి కారణం వేరే ఉంది. జరిగిన తప్పులో సగం మీ మైదానంలో జరిగితే, మిగతా సగం మా ఇంట్లో, మా తెలుగు మాటల్లోనే జరిగింది. మారతహళ్లిలో, కృష్ణరాజపురంలో, వైట్‌ఫీల్డ్‌లో ఉన్న మావాళ్లూ దీన్ని చదవాలి.

జరిగింది ఇది.

గత ఆగస్టు మొదటి వారం, బుధవారం, ఆఖరి పీరియడ్. ఏడో తరగతి ఆడపిల్లలు ఖో-ఖో ఆడుతున్నారు. స్తంభం దగ్గర మలుపు తిరగబోయి మా అమ్మాయి, తరుముతున్న అమ్మాయి నుదురూ నుదురూ ఢీకొన్నారు. ఇద్దరూ కూలబడ్డారు. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు. కాసేపటికి మా అమ్మాయి లేచి, తనది పరుగెత్తే జట్టు అయినా, వెళ్లి తరిమే జట్టు వరుసలో కూర్చుందట. అందరూ పగలబడి నవ్వారట.

ఆ తరువాతి ఘట్టాన్ని తెలుగువాళ్లకు విడమర్చి చెప్పనక్కరలేదు. తలలు ఒక్కసారే ఢీకొంటే కొమ్ములు మొలుస్తాయి కదా! స్నేహితురాళ్లు ఇద్దరినీ నిలబెట్టి, మళ్లీ ఒకసారి తలలు కొట్టించారు. పీటీ సార్ కూడా నవ్వి, "సరిపోయింది, ఇక ఆడండి" అన్నారట. ఆ తరగతిలో కన్నడ, తమిళ, హిందీ మాట్లాడే పిల్లలున్నారు. ఈ ఒక్క విషయంలో ఎవరికీ అనువాదం అవసరం కాలేదు.

రెండోసారి కొట్టింది మెల్లగానే. దాని వల్లే ఏదో అయిందని నేను అనడం లేదు. తలకు దెబ్బ తగిలి, తన జట్టు ఏదో మరిచిపోయిన పిల్లను చూసి, మైదానంలో ఉన్న ఒక్క పెద్దమనిషికి తోచింది అదే. నా గోడు అది.

మిగతా పీరియడంతా ఆడింది. బస్సు ఎక్కింది. పాఠశాల నుంచి ఫోను రాలేదు.

నేను బ్యాంకు నుంచి ఇల్లు చేరేసరికి ఏడున్నర. పిల్ల నుదుటి మీద ఉసిరికాయంత బొప్పి. మా అత్తయ్య అప్పటికే వెన్న రాసి, వేడి కాఫీ తాగించారు. "బొప్పి కట్టిందిగా, భయం లేదు. బయటికి వచ్చేసింది. రాకపోతేనే లోపలికి పోతుంది" అన్నారు. నేను కాదనలేదు. మా అమ్మ ఇదే మాట అనేది, మా అమ్మమ్మా అనేది. రోజంతా ఇతరుల లెక్కలు సరిచూసే ఉద్యోగం నాది. ఈ ఒక్క లెక్కను ఎన్నడూ సరిచూడలేదు.

గురువారం యూనిట్ పరీక్ష. ప్రశ్నపత్రంలో అక్షరాలు ఈదుతున్నాయని టీచరుతో చెప్పిందట. ఆ సాయంత్రం డైరీలో ఎర్ర సిరాతో "తరగతిలో అశ్రద్ధ, బల్ల మీద తల వాల్చి పడుకుంటోంది" అని వచ్చింది. శుక్రవారం నేనూ తిట్టాను, రాత్రిళ్లు ఫోను చూస్తున్నావు కాబట్టే ఇలా తయారయ్యావని. శనివారం పంద్రాగస్టు కవాతు అభ్యాసం. ఎండలో, డప్పుల మోతలో రెండుసార్లు వాంతి చేసుకుని కూర్చుండిపోయింది. అప్పుడు వచ్చింది ఫోను: "మేడమ్, మీ పాప టిఫిన్ తినకుండా వచ్చినట్టుంది, ఎసిడిటీ అనుకుంటాం."

ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీశారు. అంతా బాగుందన్నారు. మేం గుండెల మీద చేయి వేసుకుని, వచ్చే దారిలో దిష్టి తీయడానికి బూడిద గుమ్మడికాయ కూడా కొన్నాం. సోమవారం మామూలుగా బడికి పంపాం. ఆ తరువాత ఆరు వారాలు తలనొప్పి. వెలుతురు చూడలేదు, బస్సులో హారన్ మోత భరించలేదు, నానమ్మ మీద అరిచేది, తరువాత ఏడ్చేది. మూడో వారంలో పిల్లల నరాల వైద్యురాలొకరు ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడాకే మాకు అర్థమైంది. అంతవరకు నేను "కంకషన్" (తలకు తగిలిన కుదుపుకు మెదడు పనితీరు కొన్నాళ్లు దెబ్బతినడం) అనే మాటను క్రికెట్ వ్యాఖ్యానంలో తప్ప వినలేదు.

ఈ జబ్బుకు మన వాడుకలో పేరు లేదు. అనుభవం లేక కాదు. తల దిమ్మెక్కింది, కళ్లు బైర్లు కమ్మాయి, చుక్కలు కనిపించాయి, బుర్ర గిర్రున తిరిగింది. ఎన్ని మాటలు! అన్నీ దెబ్బ తగిలిన ఆ నిమిషం గురించే. మర్నాటి గురించి, మూడో వారం గురించి ఒక్క మాటా లేదు. పైగా అవన్నీ నవ్వుతూ చెప్పుకునేవి. "చుక్కలు కనిపించాయి" అని పిల్లవాడు అంటే ఎవరైనా నవ్వుతారు తప్ప నాడి పట్టుకుని చూడరు.

ఆ డాక్టరమ్మ చెప్పినది నా భాషలో రాస్తున్నాను. పుర్రెలో మెదడు బోండాంలోని లేత కొబ్బరిలా మెత్తగా, ద్రవంలో తేలుతూ ఉంటుంది. తల హఠాత్తుగా ఆగినా, మెలిపడినా లోపలిది అదే క్షణంలో ఆగదు, కదులుతుంది, సాగుతుంది. ఆ కుదుపుకు నరకణాల్లోంచి పొటాషియం బయటికి, బయటి కాల్షియం లోపలికి పోయి లెక్క తారుమారవుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి మెదడుకు మామూలు కంటే ఎక్కువ గ్లూకోజు కావాలి. సరిగ్గా అప్పుడే దానికి అందే రక్తం తగ్గుతుంది. ఖర్చు పెరిగిన నెలలోనే జీతం కోత పడినట్టు. ఆ లోటు పూడే లోపల చదువు, ఎండ, ఆట, ఇంకో దెబ్బ, ఏదైనా అప్పు మీద అప్పే.

ఇక మేమూ మీరూ కలిసి నమ్ముతున్న విషయాలు, వాటికి పిల్లలు చెల్లిస్తున్న మూల్యం.

1. "స్పృహ తప్పలేదు కదా." నా రెండో ఉత్తరానికి వచ్చిన ఒక్క వాక్యానికి ముందు ఫోనులో నాకు చెప్పిన సమాధానం ఇదే. కంకషన్ అయినవాళ్లలో స్పృహ తప్పేది పదిమందిలో ఒకరి కంటే తక్కువ. మిగిలినవాళ్లు కళ్లు తెరుచుకునే ఉంటారు. అయోమయంగా చూస్తారు, అడిగిందే అడుగుతారు, స్కోరు మరిచిపోతారు, వేరే జట్టు వరుసలోకి వెళ్లి కూర్చుంటారు. కొందరిలో లక్షణాలు కొన్ని గంటల తరువాత, ఒక్కోసారి మర్నాడు బయటపడతాయి. మాటలు రాని పసిపిల్లలైతే పాలు వద్దంటారు, ఊరుకోబెట్టినా ఊరుకోరు, ఇష్టమైన బొమ్మ వైపు కూడా చూడరు.

2. బొప్పి. ఇది మా వైపు నమ్మకం, ఒప్పుకుంటున్నాను. బొప్పి అంటే చర్మానికీ పుర్రెకూ మధ్య చేరిన రక్తం, వాపు. లోపల ఏం జరిగిందో అది చెప్పదు. "బయటికి రావడం", "లోపలికి పోవడం" అనే దారి అసలు లేదు. ఇంకా తెలుసుకోవలసింది ఏమిటంటే, రెండేళ్ల లోపు పిల్లలకు నుదుటి మీద కాకుండా తల పక్కనో వెనకో బొప్పి కడితే డాక్టర్లు మరింత జాగ్రత్తగా చూస్తారు. మనం ధైర్యం తెచ్చుకునే చోట వాళ్లు అనుమానపడతారు. ఈ మాట మా అత్తయ్యకు చెప్పినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి మాకెవరు చెప్పారు?" అన్నారు. ఆ ప్రశ్న మీకు పంపుతున్నాను.

3. "స్కాన్ బాగుంది, అంటే ఏమీ లేదు." స్కాన్ బ్యాంకు గోడలు పగిలాయా, పైకప్పు కారుతోందా అని చూస్తుంది. ఖాతాల్లో లోటు దానికి కనిపించదు. రక్తస్రావం, ఎముక విరగడం లేవని తెలుసుకోవడానికి అది కావాలి, అంతవరకే. కంకషన్‌లో స్కాన్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. డాక్టరు పిల్లవాడిని పరీక్షించి, స్కాన్ అక్కరలేదు, గమనిస్తే చాలు అంటే, "ఇంత ఫీజు తీసుకుని స్కాన్ కూడా రాయలేదు" అని మనమే వేరే ఆసుపత్రికి పరుగెడతాం. అమెరికాలో 42,412 మంది పిల్లలను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనం ఎవరికి స్కాన్ లేకుండా పరవాలేదో తేల్చడానికే జరిగింది. సీటీ అంటే రేడియేషన్. చిన్నతలకు అది ఊరికే ఇవ్వాల్సిన ప్రసాదం కాదు.

4. "నిద్రపోనివ్వకూడదు." డాక్టరు చూసి పరవాలేదన్నాక, ప్రమాద లక్షణాలు లేనప్పుడు, నిద్ర మంచిదే. రాత్రంతా పిల్లను తట్టి లేపుతూ కూర్చుంటే తెల్లారేసరికి తలనొప్పి ఆమెకు, మనకు కూడా. లేపినా లేవకపోతే మాత్రం అది నిద్ర కాదు, ఆసుపత్రికి వెళ్లాలి. దీనికి రెండో కొస, వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టడం. అదీ పాతబడింది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణులు మరుసటి ఏడాది విడుదల చేసిన ప్రకటన ప్రకారం మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోను, టీవీ తగ్గించడం. ఆ తరువాత లక్షణాలు పెరగనంత మేరకు నడక వంటి తేలికపాటి పనులు.

5. "హెల్మెట్ ఉంది కదా." శనాదివారాల్లో తోలుబంతితో ఆడించే శిక్షణ కేంద్రాల్లో విన్నమాట. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, అందుకే తప్పనిసరి. లోపల మెదడు కదలకుండా మాత్రం ఆపలేదు. బంతి హెల్మెట్‌కు తగిలిందంటే "బతికిపోయాడు" అని చప్పట్లు కొట్టి తరువాతి బంతి వేయించడం కాదు, పిల్లవాడిని పక్కకు పిలవాలి. (స్కూటరు మీద దింపే తల్లిదండ్రులు దీన్ని సాకుగా తీసుకోవద్దు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ చట్ట ప్రకారం తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు వాళ్లకు 2023 ఫిబ్రవరి నుంచి హెల్మెట్, నడిపేవారికి కలిపి కట్టే భద్రతా పట్టీ, గంటకు 40 కిలోమీటర్ల వేగ పరిమితి ఉన్నాయి. పొద్దున ఎనిమిదింటికి ఏ బడి గేటు దగ్గరైనా నిలబడి ఎన్ని చిన్న హెల్మెట్లు కనిపిస్తాయో లెక్కపెట్టండి. పెద్దవాళ్ల హెల్మెట్ కూడా సగం సార్లు అద్దానికే వేలాడుతుంది.)

6. "చిన్నపిల్లలు, ఇట్టే మానిపోతుంది." మోకాలు చెక్కుకుపోతే నిజమే. మెదడు సంగతి తిరగబడి ఉంటుంది; పెద్దల కంటే పిల్లలు, కౌమారంలో ఉన్నవాళ్లు కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. చాలామందికి నాలుగు వారాల్లో తగ్గుతుంది. కెనడాలో తొమ్మిది ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన పిల్లల మీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో, 28వ రోజుకు కూడా లక్షణాలు వదలనివాళ్లు ఇంచుమించు 31 శాతం. దెబ్బ తగిలాక ఆటలోనే కొనసాగినవాళ్లు, వెంటనే బయటికి వచ్చినవాళ్ల కంటే దాదాపు రెట్టింపు రోజులు తీసుకున్నారని అదే ఏడాది అమెరికాలో ఇంకో అధ్యయనం చెప్పింది. చిన్నవయసు ఆటగాళ్లలో, మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే రెండోది తగిలి, మెదడు అకస్మాత్తుగా వాచి చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. అవి అరుదు. నేను భయపెట్టడానికి వాటిని ముందు పెట్టడం లేదు. నన్ను వేధిస్తున్నవి అరుదు కానివి.

అరుదు కానివి ఇలా ఉంటాయి. ఆ ఆరు వారాల్లో మా అమ్మాయి రెండు యూనిట్ పరీక్షలు పోగొట్టుకుంది. "ఇంతకుముందు బాగా చదివేది, ఇప్పుడు గర్వం వచ్చింది" అనే మాట టీచర్ల గదిలోంచి తరగతి గదిలోకి వచ్చింది. నాకు పదకొండు రోజుల సెలవు ఖర్చయింది. నాకు సెలవుంది కాబట్టి ఖర్చయింది. మా అపార్టుమెంటు కాపలా కుటుంబానికి ఏ సెలవూ లేదు. రాయదుర్గం నుంచి వచ్చినవాళ్లు. ఎనిమిదేళ్ల పిల్లవాడు పక్కన కడుతున్న భవనంలో, చేతిపట్టీ లేని మెట్ల మీద నుంచి పడ్డాడు. తల్లి పసుపు అద్ది, తండ్రి తాయెత్తు కట్టించి, మర్నాడు బడికి పంపారు. బోర్డు మీది లెక్క ఎక్కించుకోవడంలో ఆలస్యం చేశాడని ఆ తల మీదే మొట్టికాయ పడింది. పిల్లలను కొట్టడం 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. మొట్టికాయను కొట్టడం కింద మనలో ఎంతమంది లెక్కవేస్తారు? ఆ తల్లి నాతో అన్నది, "చెప్పుంటే రెండు రోజులు ఇంట్లోనే ఉంచేదాన్నమ్మా, వాడు బడికి పోతే అన్నమైనా దొరుకుతుందని పంపాను." ఆ అమ్మకు తెలుగు చదవడం వచ్చు. బడి ఇచ్చిన కాగితాల్లో తెలుగు లేదు.

ఇది బెంగళూరులో జరగడం నాకు మరీ వింతగా తోస్తుంది. మెదడుకు సంబంధించి దేశంలోనే పెద్ద సంస్థల్లో ఒకటైన నిమ్హాన్స్ హోసూరు రోడ్డులో ఉంది. మన పిల్లలు దాని గోడల ముందు నుంచే బడి బస్సుల్లో వెళుతుంటారు.

నియమం పెట్టడం కష్టమంటారేమో. 2019 ఆగస్టు నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో తలకు దెబ్బ తగిలిన ఆటగాడి బదులు ఇంకొకరు పూర్తిగా ఆడవచ్చు. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియాతో మ్యాచ్ గుర్తుందా? ఆఖరి ఓవర్లో స్టార్క్ బంతి జడేజా హెల్మెట్‌కు తగిలింది. ఆయన ఆ ఓవరు ఆడేశాడు. విరామంలో, డ్రెస్సింగ్ రూములో వైద్యులు చూశాకే బయటపడింది. బదులుగా దిగిన చాహల్ మూడు వికెట్లు తీసి మనల్ని గెలిపించాడు. ఆ రాత్రి మా ఇంట్లోనూ, దేశమంతా కూడా అది న్యాయమా, ఎత్తుగడా అని వాదించుకున్నాం. జడేజా తల ఎలా ఉందని అడిగినవాళ్లు నాకు గుర్తు లేరు. చుట్టూ వైద్యులున్న ముప్పై ఒక్కేళ్ల ఆటగాడికే ఆ నిమిషంలో తెలియనిది పన్నెండేళ్ల పిల్ల తనంతట తాను చేయెత్తి చెబుతుందని ఎదురుచూస్తున్నాం.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ల పిల్లవాడు 2006లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో దెబ్బ తిని, విరామం తరువాత మళ్లీ దిగి, ఆట ముగిశాక కుప్పకూలాడు. బతికాడు గానీ మళ్లీ నిలబడడానికి ఏళ్లు పట్టింది. 2009లో ఆ రాష్ట్రం అతని పేరుతో చట్టం చేసింది. అనుమానం వస్తే చాలు, ఆట నుంచి తప్పించాలి. లైసెన్సున్న ఆరోగ్య నిపుణుల రాతపూర్వక అనుమతి లేకుండా తిరిగి దించకూడదు. ప్రతి ఏటా తల్లిదండ్రులు, పిల్లలు సమాచార పత్రం చదివి సంతకం చేయాలి. ఐదేళ్లలో అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలు వచ్చాయి. కెనడాలో రోవన్ స్ట్రింగర్‌కు పదిహేడేళ్లు. 2013 మే నెలలో, రోజుల తేడాలో రగ్బీ ఆటలో పదే పదే తలకు దెబ్బలు తగిలాయి. తనకు కంకషన్ అయిందేమోనని స్నేహితులకు సందేశాలు పంపింది, ఫోనులో వెతికింది, మళ్లీ ఆడింది, చనిపోయింది. 2018లో ఒంటారియోలో ఆమె పేరు మీద చట్టం వచ్చింది. ఇక్కడా ఒక పిల్ల పేరు కావాలా చట్టానికి?

కింద నేను అడిగేవాటికి కొత్త భవనం అక్కరలేదు, ఫీజు పెంచనక్కరలేదు. వరుస సంఖ్య కొనసాగిస్తున్నాను. పైవి చదవకుండా ఇవి చదివితే అతిగా కనిపిస్తాయి.

7. తలకు దెబ్బ తగిలి అనుమానం వచ్చిన పిల్లలను ఆ రోజు మళ్లీ ఆటలో దించకూడదు. ఫైనల్ అయినా సరే, పిల్లలే బతిమాలినా సరే.

8. అదే రోజు, పిల్లలు బస్సు ఎక్కే లోపల, తల్లిదండ్రులకు ఫోను చేయాలి. "కంగారు పడకండి" అని మొదలుపెట్టనవసరం లేదు. ఏ సమయంలో, ఎలా తగిలింది, ఆ తరువాత ఏం చేసింది, ఇంతే చెప్పండి. మా అమ్మాయి వేరే వరుసలో కూర్చుందన్న సంగతి నాకు మూడు వారాల తరువాత, ఆమె స్నేహితురాలి నోట తెలిసింది. డాక్టరమ్మకు అన్నిటికంటే పనికొచ్చిన సమాచారం అదే.

9. ఏడాది మొదట్లో, ఫీజు రసీదుతో పాటు, ఒక పేజీ. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు; ఇంట్లో ఏ భాష చదువుతారో ఆ భాషలో. నానమ్మలు, అమ్మమ్మలు చదవగలిగేంత పెద్ద అక్షరాలు, ఎందుకంటే సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ఉండేది వాళ్లే. ఆ పేజీలో బొప్పి గురించి, కొమ్ముల గురించి కూడా రాయండి, నవ్వుకుంటారు, గుర్తుపెట్టుకుంటారు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు మాత్రం పెట్టె కట్టి రాయాలి: పదే పదే వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, మూర్ఛ, ఒక కంటిపాప రెండోదాని కంటే పెద్దదవడం, మాట ముద్దగా రావడం, చేయి లేదా కాలు బలహీనపడడం, మనుషులను గుర్తుపట్టకపోవడం, ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ పలచని నీరు లేదా రక్తం రావడం, లేపినా లేవకపోవడం.

10. ముందు తరగతి, తరువాత మైదానం. తిరిగి వచ్చిన పిల్లకు కొన్నాళ్లు సగం పూట బడి, మధ్యమధ్య విశ్రాంతి, రాత పనిలో సడలింపు, పరీక్ష వాయిదా ఇవ్వాలి. ఆటకు తిరిగి రావడానికి నిపుణులు చెప్పిన ఆరు మెట్లున్నాయి. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. ఢీకొనే అవకాశమున్న ఆటలోకి డాక్టరు రాసిచ్చాకే. కవాతు కూడా ఆటే, ఎండలో గంటసేపు నిలబడడమూ ఆటే అనుకోండి.

11. పీటీ మాస్టర్లకు, బస్సులో పిల్లల వెంట వచ్చే ఆయమ్మలకు ఏడాదికి ఒక పూట శిక్షణ. మా పీటీ సార్ మీద నాకు కోపం లేదు. ఆయన కూడా ఏదో ఊళ్లో, ఏదో బడిలో కొమ్ములు మొలవకుండా రెండోసారి తల కొట్టించుకుని పెరిగినవారే.

12. అనామకంగా అయినా సరే, ప్రతి బడి తలదెబ్బల పుస్తకం ఒకటి పెట్టాలి. విద్యాశాఖ ఏడాదికొకసారి ఆ పుస్తకాలు అడగాలి. లెక్క లేనిది లేనట్టే, ఇది నా వృత్తి నేర్పింది.

తల్లిదండ్రులను కూడా ఒకటి అడుగుతున్నాను. రేపు బడి నుంచి అలాంటి ఫోను వస్తే మాస్టారి మీద విరుచుకుపడకండి. తిడతారన్న భయంతోనే చాలా ఫోనులు రావడం లేదని ఒక టీచరు నాతో అన్నారు. నేను కూడా ఆ శనివారం ఫోనులో గట్టిగానే అరిచాను.

విద్యాశాఖ అధికారులు ఈ నియమాన్ని ఒక ఉత్తర్వుగా ఇచ్చే వరకు ఆగకుండా, ఏ పాఠశాల అయినా ఏడు, ఎనిమిది, తొమ్మిది అంకెల కింద ఉన్నవాటిని రేపే మొదలుపెట్టవచ్చు. తెలుగు పేజీ రాయడానికి, వైద్యుల చేత సరిచూపించడానికి నేను సిద్ధం. అచ్చు ఖర్చు కూడా ఇస్తాను.

ఈ ఏడాది ఖో-ఖో జట్టు జాబితాలో మా అమ్మాయి పేరు మళ్లీ ఉంది. నేను ఆపలేదు. మొదటి పోటీ జులై రెండో వారంలో. మీ జవాబు ఆలోపు కావాలి.

ఇట్లు,
ఎనిమిదో తరగతి విద్యార్థిని తల్లి,
బెంగళూరు